అమ్మ తవ్విన కొట్టు

వదిన బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, చేతిలో ఉన్న మాంసం ముక్కను అన్నయ్య కాఫీ కప్పు పక్కన పెట్టింది.

ముక్కలోంచి నీళ్ళు కారి బల్లంతా పారాయి. ధ్రువం దగ్గరి మా ఊళ్ళో, ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేలలో తవ్విన మాంసం కొట్టులోంచి తెచ్చిన తిమింగలం ముక్క అది. అన్నయ్య కప్పును కాస్త అవతలకు జరుపుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"వాసన చూడు, ఏమోస్."

"చూశాను."

"దగ్గరికి తీసుకుని చూడు."

"నాకు ముక్కుంది, హెస్టర్. ఇక్కణ్ణించే తెలుస్తోంది."

"తెలిస్తే మరి ఏమంటావు?"

అన్నయ్య కప్పు ఎత్తాడు. కాఫీ తాగాడు. నేను పొయ్యి దగ్గర రొట్టెలు వేయిస్తున్నాను. ఇలాంటప్పుడు మధ్యలో దూరే ఆడపడుచును ఏ ఇంట్లోనూ మెచ్చుకోరు కాబట్టి నా రొట్టె వైపే చూస్తూ నిలబడ్డాను. అది మాడిపోయింది.

"నిన్న కొట్టులో నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. ఇవాళ పిక్కల దాకా వచ్చాయి. గోడల్లో మన్ను ముద్దలు ముద్దలుగా ఊడిపడుతోంది. నిచ్చెన దిగుతుంటే చెయ్యి పెట్టిన చోటల్లా మెత్తగా ఉంది" అంది వదిన.

"జూన్ నెల. ఎండ కాస్తోంది. పై పొర మెత్తబడుతుంది."

"పై పొర కాదు. అడుగున. మీ అమ్మ పారతో కొడితే నిప్పురవ్వలు లేచిన చోటు అది. నేను వేలితో గుచ్చితే వేలు దిగింది."

ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకునే గోడ రేడియో గరగరలాడి సైలాస్ గొంతు వచ్చింది. ఊళ్ళో ఉన్న వేట నాయకుల్లో మా అన్నయ్య తర్వాత అంతటివాడు సైలాస్. "అందరికీ చెబుతున్నా. ఊరు మార్చే సంగతి మీద సభ మధ్యాహ్నం, బళ్ళో ఆటల హాల్లో. రాజధాని నుంచి విమానం దిగింది. కుర్చీలు చాలవు, ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. ఏమోస్, నువ్వు వస్తున్నావా?"

అన్నయ్య లేచి రేడియో గొంతు తగ్గించాడు.

"సభ మాట తర్వాత. వేట పండగ దగ్గర పడింది. ఊరంతటికీ పెట్టాల్సింది ఈ మాంసమే. ఇది నేను పెట్టను" అంది వదిన.

"పై అరల్లోది పెట్టు."

"పై అరల్లోదీ చెమర్చింది. ఊరవెయ్యడానికి తీస్తే రంగు మారి ఉంది. పిల్లలు తింటారు, ముసలివాళ్ళు తింటారు. ఎవరికైనా ఏమన్నా అయితే?"

"మన పందిట్లో మన తిమింగలం లేకపోతే ఊరేమనుకుంటుంది?"

"కొట్టు కరిగిందనుకుంటుంది. కరిగింది కాబట్టి."

అప్పుడు అన్నాడు మా అన్నయ్య ఆ మాట. గొంతు పెంచలేదు, గోడతో చెబుతున్నట్టు అన్నాడు.

"వసంతంలో నువ్వు కొట్టు సరిగ్గా ఊడ్చి ఉండవు."

వదిన కాలిన గుర్తు ఇంకా మానని ఎడమ చేతిని అంగీ జేబులోకి పోనిచ్చింది.

మా ఊళ్ళో భార్యను ఏ మాటైనా అనొచ్చు. నోరుందని అనొచ్చు, వంట చేతకాదని అనొచ్చు, ఆవిడా తిరిగి నాలుగు అంటుంది, సాయంత్రానికి ఇద్దరూ నవ్వుకుంటారు. ఈ మాట మాత్రం అనరు. తిమింగలం వచ్చేది వేటగాడి బల్లేనికి కాదు, ఇంటావిడ తన కోసం సిద్ధం చేసిన చోటు చూసి వస్తుందని కదా మా నమ్మకం. వేటకు ముందే కొట్టులో పాత మాంసం అంతా తీసి పంచేసి, గోడలు గీకి, నేల ఊడ్చి, కొత్త మంచు తెచ్చి పరవాలి. మురికి కొట్టు ఉన్న ఇంటికి అది మళ్ళీ రాదు. కొట్టు ఊడవలేదంటే ఆ ఆడదాన్ని ఊరంతటికీ ద్రోహం చేసిందన్నట్టు.

"మళ్ళీ అను" అంది వదిన.

"అన్నాను కదా."

"ఇన్నేళ్ళు నా చేత్తో వండింది ఊరంతా తిన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, హెస్టర్ చెయ్యి మురికి అన్నారా? నేల కరిగిందని ఒప్పుకోవడం కంటే నీ పెళ్ళాం బద్ధకస్తురాలు అనుకోవడం నీకు సుఖంగా ఉంది. అంతేగా?"

అన్నయ్య టోపీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నాతో చెబుతున్నట్టు నా వైపు తిరిగాడు. ఆవిడ ముఖం చూసి చెప్పలేక.

"నువ్వు విను, లిడియా. ఇవాళ నేల కరిగిందని నా నోటితో అన్నాననుకో. వాళ్ళు రాసుకుపోతారు. ఇంకో రెండేళ్ళలో మనల్ని నది ఎగువన కొండ మీద కూర్చోబెడతారు. అక్కణ్ణించి సముద్రం కనపడదు. కొండ మీద కూర్చుని రమ్మంటే తిమింగలం కొండెక్కి వస్తుందా? మన పిల్లలు డబ్బాల్లో చేప తింటారు. ఇక అమ్మ సంగతి. అమ్మ చివర్న ఏమందో నీకు గుర్తుంది కదా."

గుర్తు లేకపోవడమేమిటి. నన్ను సముద్రానికి ఒంటరిగా అప్పజెప్పి పోకండి, అంది. నా చెయ్యి, అన్నయ్య చెయ్యి పట్టుకుని మరీ అంది. ఆవిడ సమాధి ఊరి చివర గట్టు మీద ఉంది. పోయిన శరత్కాలం తుఫానులో ఆ గట్టు సగం కోసుకుపోయింది.

"చచ్చిపోయినావిడకి ఇచ్చిన మాట సరే. బతికున్న వాళ్ళ సంగతో?" అంది వదిన.

అన్నయ్య టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది.

తలుపు పడగానే వదిన కుర్చీలో కూలబడింది. కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. బల్ల మీద ముక్క వైపు చూస్తూ కూర్చుంది.

"చెప్పెయ్యకపోయావా వదినా. ఊడ్చింది నువ్వు కాదని" అన్నాను.

"నోరు ముయ్యి."

"ముయ్యను. వేట మొదలయ్యే వారంలో కాగుతున్న సీలు కొవ్వు నూనె ఒలికి నీ చెయ్యి కాలింది. నువ్వు కొట్టులోకి దిగనే లేదు. ఊడ్చింది మాసాక్. గోడలు గీకింది, సంచుల్తో మంచు మోసింది. నేను పైన నిలబడి చూశాను. ఆ పిల్ల ఊడ్చినంత శుభ్రంగా నువ్వు కూడా ఊడ్చవు."

"అందుకే చెప్పలేదు" అంది వదిన.

నాకు అప్పుడు అర్థమైంది.

మాసాక్ వీళ్ళ కూతురు. నాకు మేనకోడలు. మా అమ్మ చనిపోయిన చలికాలం తర్వాత పుట్టింది కాబట్టి మా అమ్మ పేరు దానికి వచ్చింది. పేరుతోపాటు మనిషి కూడా వస్తుందంటాం మేము. పుట్టిన నాటి నుంచి అన్నయ్య దాన్ని అమ్మా అనే పిలిచాడు. నేనూ అంతే. ముద్దుకి పిలిచే అమ్మ కాదది. పసిపిల్లగా ఉన్నప్పుడు అది పాలు ఒలకబోస్తే వదిన కసురుకునేది గాని అన్నయ్య ఒక్కనాడూ కసరలేదు, కన్నతల్లిని ఎవడు కసురుతాడు? వేటలో మొదటి ముక్క దానికే. మా అమ్మకు ఇష్టమని నాలిక అంచు ముక్క, అది వద్దన్నా దాని కంచంలోనే.

ఆ కొట్టు తవ్వింది మా అమ్మ. ఊడ్చింది మా అమ్మ పేరుగల పిల్ల. అంటే మా లెక్కలో అమ్మే ఊడ్చింది. కొట్టు మురికి అని అన్నయ్య అన్నాడంటే ఎవర్ని అన్నట్టు?

"తెలిస్తే కుమిలిపోతాడు. ఇంట్లో, మన ముగ్గురి మధ్య అన్నాడు కాబట్టి సరిపోయింది. గడప దాటనివ్వకు" అంది వదిన.

మాసాక్ ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూడలేదు. తలుపు దగ్గర నిలబడి ఉంది. సభకని పూల గుడ్డతో కుట్టిన పొడుగు చొక్కా వేసుకుంది. ఊళ్ళో ముసలివాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి, వచ్చినవాళ్ళ ఇంగ్లీషు మన మాటలోకి తిప్పి చెప్పే పని ఇవాళ దానిది.

"నాన్న ఎదురయ్యాడు. నా ముఖం చూడలేదు" అంది. బల్ల మీద ముక్క చూసింది. "ఏమన్నాడు?"

వదిన చెప్పలేదు. నేను చెప్పాను. చెప్పకుండా ఉండటం నా వల్ల అయ్యే పని కాదు.

మాసాక్ ఆ ముక్కను తీసి కాగితంలో చుట్టి బయట పెట్టి వచ్చింది. బల్ల తుడిచింది.

"అమ్మా," అన్నాను, "నువ్వు ఒక్కసారి కొడుకా అని పిలిచి, నిజం చెప్పరా అంటే వాడు చెబుతాడు. ఆకాశం మీద పడ్డా చెబుతాడు."

"నేను నాన్నా అని పిలుస్తాను అత్తా. ఇరవై రెండేళ్ళుగా అదే పిలుపు. ఆయన నన్ను అమ్మా అంటే ఆయన ఇష్టం. వాదన గెలవడానికి నానమ్మను గోతిలోంచి లేపుకొచ్చి నిలబెట్టను."

"నీకేమనిపిస్తోంది? పోవాలనా, ఉండాలనా?" అని అడిగింది వదిన.

"పోవాలనే అనిపిస్తోంది. భయం వేస్తోంది కాబట్టి. తుఫాను రాత్రి బళ్ళో పడుకున్నాం చూడు, అప్పట్నించి నాకు అలల చప్పుడు వింటే నిద్ర రావడం లేదు. కానీ నా అభిప్రాయం చెప్పే పని కాదు కదా నాది ఇవాళ. వాళ్ళు ఏదంటే అది తిప్పి చెప్పడమే."

"అంతే చెయ్యి" అంది వదిన.

హాలు నిండిపోయింది. కుర్చీలు తెచ్చుకున్నవాళ్ళు కుర్చీల్లో, తేనివాళ్ళు గోడ వారన. పిల్లలు బంతి దొరికిందని ఒక మూల ఆడుతుంటే ఎవరూ వద్దనలేదు. రాజధాని నుంచి వచ్చినావిడ బల్ల వెనక కూర్చుంది. పెద్ద వయసు, మంచి ముఖం, కాళ్ళకు మాత్రం మా బురదకు పనికిరాని బూట్లు. ఆవిడ పక్కన మాసాక్. మధ్యలో మైకు.

ఆవిడతో వచ్చిన కుర్రాడు తెర మీద గీతలు చూపించాడు. నేలలో గొట్టాలు దించి కొలిచారట. మన్ను ఎంత లోతు దాకా వెచ్చబడిందో చెప్పాడు. మాసాక్ తిప్పి చెప్పింది. ముసలివాళ్ళు తలలూపారు, వినబడుతోందని. ఒప్పుకున్నామని కాదు.

ముందు వరసలో ఉన్న తాతల్లో ఒకాయన లేచాడు. "మా నాన్న వాళ్ళు ఎండాకాలం ఒకచోట, చలికాలం ఒకచోట ఉండేవాళ్ళు. ఇక్కడ బడి కడతాం, పిల్లల్ని పంపండి, పంపకపోతే జైలు అని చెప్పి కూర్చోబెట్టింది మీవాళ్ళే. బాగా కూర్చున్నాం. ఇప్పుడు లేవమంటున్నారు. ముందే ఒక మాట అనుకుని రావాల్సింది మీలో మీరు."

హాలంతా నవ్వింది. మాసాక్ తిప్పి చెప్పాక ఆవిడ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

ఒక పిల్లతల్లి లేచి, తుఫాను వస్తే మా ఇంటికీ సముద్రానికీ మధ్య ఒక సైకిలు పట్టే చోటు కూడా లేదు, నాకు వాదనలొద్దు, ఇల్లు కావాలి అంది. వెనక నుంచి ఎవరో, కొండ మీద గాలికి నీ ఇల్లు ఎగిరిపోతుందిలే అన్నారు. ఎగిరిపోతే తెచ్చుకుంటాను, మునిగిపోతే తెచ్చుకోలేను అంది ఆవిడ. చప్పట్లు కొట్టారు కొందరు.

తర్వాత వేట నాయకులు. వాళ్ళు ఏమంటే ఊరు అదే అంటుంది, అందుకే అందరూ వాళ్ళ కోసమే ఎదురు చూస్తున్నారు. సైలాస్ పోదామన్నాడు. ఇంకొకాయన ఉందామన్నాడు. మా అన్నయ్య వంతు వచ్చింది.

అన్నయ్య బాగా మాట్లాడాడు. నాకు కోపం ఉన్నా చెబుతున్నాను, బాగా మాట్లాడాడు. మంచు ఏటేటా ఒకలా ఉండదన్నాడు. తన తాత కాలంలోనూ చెడ్డ ఏళ్ళు వచ్చాయన్నాడు. సముద్రం లేని చోట మేమెవరం అని అడిగాడు. గట్టు మీద పడుకున్నవాళ్ళను ఎవరు చూసుకుంటారు అన్నాడు. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. మాసాక్ ప్రతి మాటా, ఒక్కటి కూడా తగ్గించకుండా, తండ్రి గొంతులో ఉన్న బరువుతో సహా తిప్పి చెప్పింది.

సైలాస్ లేచాడు. పోయినేడు అతని కొట్టు కూలిపోయి, మాంసం కరెంటు మంచుపెట్టెలోకి మార్చుకున్నప్పుడు, పెట్టెలో ఉంటే తిమింగలానికి ఊపిరాడదేమోనని అన్నయ్య ఊరంతా వినేలా వేళాకోళం చేశాడు. అది సైలాస్ మర్చిపోలేదు.

"అంతా బాగానే ఉంది బావా. ఒక్క మాట చెప్పు. నీ కొట్టులో నీళ్ళున్నాయా, లేవా?"

బంతి ఆడే పిల్లలు కూడా ఆగారు.

"మా ఆవిడ నిన్న నీ ఇంటివైపు వచ్చింది. హెస్టర్ అక్క తడి బూట్లతో కొట్టులోంచి పైకి రావడం చూసింది. అబద్ధమైతే అబద్ధమను, కూర్చుంటాను" అన్నాడు సైలాస్.

అన్నయ్య అబద్ధం చెప్పడు. అది నాకు తెలుసు, వదినకు తెలుసు. నా పక్కన కూర్చున్న వదిన నా చెయ్యి పట్టుకుంది. కాలిన చేత్తోనే పట్టుకుంది.

"నీళ్ళున్నాయి" అన్నాడు అన్నయ్య.

హాలు గుసగుసలతో నిండిపోయింది. అన్నయ్య ఆ గుసగుసలకు బెదిరిపోయినట్టున్నాడు. బెదరకపోతే అనేవాడు కాదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

"అది నేల తప్పు కాదు. ఈ ఏడు మా ఇంట్లో కొట్టు సరిగ్గా ఊడవలేదు."

ఒక్కసారిగా గుసగుస ఆగిపోయింది. తలలన్నీ మా వైపు తిరిగాయి. వదిన తల దించుకోలేదు. నా చేతి వేళ్ళు మాత్రం విరిగిపోతాయేమో అన్నంతగా నొక్కింది.

రాజధాని ఆవిడ మాసాక్ వైపు తిరిగి ఎదురు చూసింది. మాసాక్ మైకు దగ్గరకు వంగింది. వెనక్కి జరిగింది. మళ్ళీ వంగింది.

ఆవిడ మెల్లగా ఏదో అడిగింది. ఆయన ఏమన్నారు అని అడిగి ఉంటుంది. ఇంకేం అడుగుతుంది.

తన కన్నతల్లిని మురికిది అన్న మాటను ఆ పిల్ల మైకులో చెప్పాలి. చెబితే ఆ మాట రాజధాని దాకా పోయి కాగితం మీద ఉండిపోతుంది. నేను లేవబోయాను. వదిన కూర్చోబెట్టింది.

మాసాక్ ఇంగ్లీషులో ఆవిడకు ఒకే ఒక్క ముక్క చెప్పింది. ఆగండి, అని. తర్వాత మన మాటలో, మైకు లేకుండా, తండ్రి వైపు తిరిగి అంది.

"కొట్టు ఊడ్చింది నేను, కొడుకా."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

అన్నయ్య ముఖం చూడలేకపోయాను. చూశాను గాని చూడలేకపోయాను. చెంపదెబ్బ తిన్న పిల్లాడిలా చెయ్యి చెంప మీదికి పోయింది.

"హెస్టర్ చెయ్యి కాలింది. నీకు చెప్పొద్దంది, మంచు మీద ఉన్నవాడివి కంగారుపడతావని. వచ్చాక కట్టు చూశావే గాని ఊడ్చిందెవరని అడగలేదు. నేను దిగాను. గోడలు గీకాను. మంచు పరిచాను. ఏ మూల మురికి వదిలేశానో చెప్పు. నేను తవ్వుకున్న కొట్టు అది. నాకు తెలీదా?" అంది మాసాక్.

ముసలమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సైలాస్ కూర్చుండిపోయాడు. గెలిచాననే ముఖం కాదది. ఆ తమాషా తనే మొదలుపెట్టినందుకు సిగ్గుపడుతున్నట్టుంది.

"తప్పయింది" అన్నాడు అన్నయ్య.

"నాకు కాదు. హెస్టర్‌కి చెప్పు."

అన్నయ్య వదిన వైపు తిరిగాడు. ఊరంతా చూస్తుండగా, టోపీ తీసి, "తప్పయింది హెస్టర్. కొట్టు శుభ్రంగానే ఉంది. నేలే కరిగింది" అన్నాడు.

వదిన ముక్కు చీదుకుంది. ఆవిడకు అంతకంటే చేతకాదు.

ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను నేను. మా సంసారంలో ఏదీ అంత తేలిగ్గా తెమలదని ఈ వయసులో కూడా తెలుసుకోలేదు.

అన్నయ్య కూర్చోలేదు. రెండడుగులు ముందుకు వేసి ఆ బల్ల ముందు నిలబడ్డాడు. అధికారి ఆవిణ్ణి చూడలేదు. కూతుర్నే చూస్తున్నాడు. కూతుర్నా?

"నేల కరిగింది. నిజమే. ఒప్పుకున్నాను. కానీ గట్టు మీద పడుకున్నది నువ్వు. నన్ను సముద్రానికి ఒంటరిగా అప్పజెప్పి పోవద్దని నువ్వే అన్నావు. నేను మాటిచ్చాను. ఇప్పుడు నిన్ను వదిలి ఎట్లా పోను? పొమ్మంటే పోతాను. ఉండమంటే మునిగినా ఉంటాను. నువ్వే చెప్పు, అమ్మా."

మా అన్నయ్యను నేను ఎరుగుదును. అది నాటకం కాదు, ఎత్తు కాదు. నిజంగా అడిగాడు. వెనక నిలబడ్డ అన్నయ్య వేట జట్టు కుర్రాళ్ళంతా టోపీలు తీశారు. అన్నయ్య ఎటంటే వాళ్ళు అటు, వాళ్ళు ఎటంటే సగం ఊరు అటు. ఆ సగం ఊరూ ఇప్పుడు ఒక ఆడపిల్ల నోటి కోసం కాచుకుని ఉంది.

పొమ్మంటే, భయపడిన పిల్ల తన భయాన్ని నానమ్మ నోట పలికించిందని రేపు ఎవరైనా అనొచ్చు. అది తనే అనుకోవచ్చు. ఉండమంటే, మళ్ళీ తుఫాను వచ్చిన రాత్రి?

"ఆయన ఏమంటున్నారు?" అని ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి ఆ ముక్క నాకూ అర్థమైంది. ఎవరూ తిప్పి చెప్పలేదు.

మాసాక్ మైకు పూర్తిగా పక్కకు జరిపేసింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. రెండు చేతులూ పొట్ట మీద ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, తల కాస్త ఎడమ పక్కకు వంచి, అన్నయ్యను చూసింది. మా అమ్మ బతికున్నప్పుడు మాకు నచ్చని మాట చెప్పేముందు అట్లాగే నిలబడేది. ఈ పిల్లకు అది ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకునే అవకాశమే లేదు.

తర్వాత దాని చూపు హాలంతా వెతుకుతూ వచ్చి నా మీద ఆగింది.

"లిడియా," అంది. అత్తా అనలేదు. "నువ్వు కూడా లేచి ఇటు రా. ఆ మాట నేను మీ ఇద్దరి చేతులూ పట్టుకుని చెప్పాను. ఇది కూడా ఇద్దరికీ కలిపే చెబుతాను."

వదిన నా చెయ్యి వదిలేసింది. నేను లేచి మా అమ్మ దగ్గరికి వెళ్ళాను.